కిర్రుమనే హ్యాంగర్ రాడ్డు, కిక్కురుమనని అమ్మ

మొన్న సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్ళినప్పుడు ఒక విషయం గమనించాను. మా అమ్మ చీరలు ఓ పదిహేను దాకా పడగ్గదిలో ప్లాస్టిక్ కుర్చీ మీద మడతపెట్టి ఉన్నాయి. ఆ కుర్చీ పక్కనే, మూడేళ్ళ క్రితం నా బోనస్ డబ్బులతో చేయించిచ్చిన పెద్ద వార్డ్‌రోబ్ ఠీవిగా నిలబడి ఉంది. "అందులో తగిలించుకోవచ్చు కదమ్మా" అంటే, "రోజూ కట్టుకునేవి కదరా, చేతికందుతాయని ఇక్కడ పెట్టాను" అంది. నేనూ నమ్మేశాను. బెంగళూరు బస్సు దిగి అప్పటికి రెండు గంటలే అయింది, నమ్మడానికి పెద్దగా కష్టపడలేదు.

భోగి రోజు తెల్లవారుఝామున అసలు సంగతి తెలిసింది. అమ్మ పట్టుచీర కోసం ఆ తలుపు తీసి హ్యాంగర్లు పక్కకి జరిపింది. కిర్ర్ర్ర్... మని ఒక్క చప్పుడు. పక్కగదిలో పడుకున్న నాకే పళ్ళు జివ్వుమన్నాయి. నాన్న ఉలిక్కిపడి లేచి "ఏటే ఆ చప్పుడు?" అన్నారు. నాన్నకి కిందటేడాది గుండెకి స్టెంట్ వేశారు. అప్పట్నుంచి నిద్ర చాలా పల్చన. అమ్మ నాలుగున్నరకే లేస్తుంది. ఆ చప్పుడుకి ఆయన లేచిపోతున్నారని ఎనిమిది నెలలుగా ఆ తలుపే తియ్యడం మానేసిందట. అందుకే ఆ కుర్చీ.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం? వారానికి నాలుగుసార్లు ఫోన్ చేస్తున్నానుగా!" అన్నాను కొంచెం గట్టిగానే.

"అంత డబ్బు పోసి నువ్వు చేయించావు. బాగోలేదని ఎలా చెప్పనురా?"

అదీ సంగతి. మనం ఆఫీసులో రోజంతా టికెట్లు మూసేవాళ్ళం. టికెట్ రాలేదంటే సిస్టం బావున్నట్టే అనుకోవడం మనకి అలవాటు. కానీ అమ్మానాన్నలు టికెట్ రెయిజ్ చెయ్యరు. కుర్చీ తెచ్చుకుంటారు. మన భాషలో చెప్పాలంటే వర్కరౌండ్ వెతుక్కుని, దాన్నే జీవితం అనుకుని సర్దుకుపోతారు. మనం పంపిన మిక్సీ, మనం పెట్టించిన ఏసీ, మనం చేయించిన అల్మారా, వీటిలో ఎన్ని నిజంగా వాడకంలో ఉన్నాయో ఈసారి ఇంటికెళ్ళినప్పుడు ఒకసారి చూడండి. నా అనుమానం, సగం మీద దుప్పటి కప్పి ఉంటుంది.

సరే, బాగుచేద్దామని దిగాను. ఇక్కడ నా గురించి ఒక ముక్క చెప్పాలి. నేను విజయనగరంలో చదివింది మెకానికల్ ఇంజినీరింగు. చేసేది జావా ఉద్యోగం. డిగ్రీ చేతికొచ్చాక స్క్రూడ్రైవర్ పట్టుకున్నది బహుశా ఇదే మొదటిసారి :)

ఇంజినీరు బుర్రకి తట్టిన మొదటి పరిష్కారం... కొబ్బరినూనె! రాడ్డు పొడవునా రాసేశాను. ఆహా, హ్యాంగర్లు వెన్నలా జారాయి. అమ్మ ముఖం వెలిగింది. నేను కాలర్ ఎగరేశాను. మర్నాడు పండగ హడావిడిలో ఎవరూ అటు చూడలేదు. ఆ తర్వాత కనుమ. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, మా ఇంట్లో ఆ రోజు హ్యాంగర్లూ కదల్లేదు. ఎందుకంటే కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలెడుతుంది. సంక్రాంతి చలికి సీసాలో పేరుకున్న నూనె రాడ్డు మీద పేరుకోదా? పైగా బట్టల నూగు, దుమ్ము కలిసి నల్లటి జిడ్డు తయారైంది. ఆ జిడ్డు వెళ్ళి నాన్న పొందూరు ఖద్దరు పంచెకి అంటుకుంది.

పొందూరు ఖద్దరంటే మా జిల్లా వాళ్ళకి ఎంత పట్టింపో బయటివాళ్ళకి తెలియకపోవచ్చు. అక్కడ పత్తిని శుభ్రం చెయ్యడానికి వాలుగ చేప దవడ ఎముకని దువ్వెనలా వాడతారు. అంత సన్నటి నూలు తియ్యడానికి అంత ఓపిక కావాలి మరి. ఆ పంచె మీద నా ప్యాచ్ వర్క్! అమ్మ మరక మీద శనగపిండి చల్లి నూనె పీల్పించి, తర్వాత కుంకుడు రసంతో ఉతికింది. మరక పోయింది. నాన్న ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధగా అనిపించింది, ఎందుకంటే ఇంట్లో ఇలాంటి పనులన్నీ ఒకప్పుడు ఆయనవే.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను. ఉద్దానంలో మా నానమ్మ ఇంటి పెంకులు లేచిపోయాయి. దార్లో కొబ్బరిచెట్లు, జీడిచెట్లు అడ్డంగా పడి ఉంటే నాన్న మోటారుసైకిల్ మీద సగం దూరం, నడిచి సగం దూరం వెళ్ళి, ఊళ్ళోవాళ్ళతో కలిసి తనే కప్పు ఎక్కి పెంకులు సర్దారు. రోజుల తరబడి కరెంటు లేదు, పనివాళ్ళు దొరికే పరిస్థితీ లేదు. అలాంటి మనిషి ఇప్పుడు స్టూలు ఎక్కకూడదు, డాక్టరు వద్దన్నారు. అంటే మా ఇంట్లో మెయింటెనెన్స్ ఇంజినీరు రిటైరయ్యాడు, ఆ ఖాళీలోకి ఎవరూ చేరలేదు. నేను మాత్రం నెలనెలా డబ్బులు పంపుతూ అంతా సవ్యంగా ఉందనుకుంటున్నాను.

ముక్కనుమ రోజు బుద్ధిగా కూర్చుని ఆలోచించాను. ముందు లాగ్స్ చూడాలి, తర్వాతే కోడ్ ముట్టుకోవాలి, అవునా కాదా?

బట్టలన్నీ దించి, కట్టకట్టి బాత్రూం కాటా మీద తూచాను. 34 హ్యాంగర్లు, 19 కిలోలు. రాడ్డు పొడవు నాలుగడుగులు. ఈ చివర నుంచి ఆ చివరకి దారం కట్టి చూస్తే మధ్యలో రాడ్డు దాదాపు ఒక సెంటీమీటరు కిందికి వంగి ఉంది. అంటే హ్యాంగర్లని అటూ ఇటూ జరపడమంటే పల్లంలోంచి గట్టు ఎక్కించడమే. అమ్మ చెయ్యి నొప్పి సగం అక్కడిదే.

సెకండియర్‌లో స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ అని ఒక సబ్జెక్టు బట్టీపట్టి రాశాను. రాడ్డు మీద బరువు సమానంగా పరచి ఉన్నప్పుడు వంపు పొడవు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. రెండడుగుల రాడ్డుని అలాగే నాలుగడుగులు చేసి, అంతే ఒత్తుగా బట్టలు తగిలిస్తే వంపు రెండింతలు కాదు, 16 రెట్లు! ఇది పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. వార్డ్‌రోబ్ డిజైన్ చూపించినప్పుడు మాత్రం తలుపుల రంగు ఎలా ఉందో చూశాను. మధ్యలో ఒక ఆధారం పెడితే అదే వంపు లెక్క ప్రకారం దాదాపు 40వ వంతుకి పడిపోతుంది. ఆ ఆధారం మా ఊరి హార్డ్‌వేర్ షాపులో నాకు 120 రూపాయలకి దొరికింది. 120 రూపాయల ముక్క లేక ఎనిమిది నెలలు మా అమ్మ కుర్చీ మీద బట్టలు పెట్టుకుంది.

ఇక చప్పుడు సంగతి. ఒక వస్తువు మరో వస్తువు మీద జారేటప్పుడు, కదలక ముందు ఉండే ఘర్షణ కదిలాక ఉండే ఘర్షణ కంటే ఎక్కువ. అందుకని కొక్కెం ముందు అంటుకుంటుంది, తోస్తే ఠక్కున జారుతుంది, మళ్ళీ అంటుకుంటుంది. ఇది సెకనుకి కొన్ని వందలసార్లు జరిగితే అదే కిర్రు. ఫిడేలు మోగేదీ ఇలాగేనండీ. కమానుకి రోజిన్ రాసేది జారడానికి కాదు, బాగా పట్టి వదలడానికి. విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అదే సూత్రం ఫిడేలు పలికించింది. మా ఇంట్లో అదే సూత్రం నాన్న నిద్ర చెడగొట్టింది. ఒకే భౌతికశాస్త్రం, చేతులు వేరు!

రాడ్డు దించి వెలుతురులో చూస్తే క్రోమ్ పూత మీద సన్నటి తుప్పు చుక్కలు. అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంది, అంటే లోపల మామూలు ఇనుమే. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ కలిసి పూతలో సన్నటి బెజ్జం దొరికిన చోటల్లా లోపలికి దూరతాయి. మా ఇల్లు సముద్రానికి మరీ దగ్గరేం కాదు, అయినా ఈ గాలి ఎక్కడికి పోతుంది? ఆ గరుకు చుక్కల మీద ఇనుప కొక్కేలు గీసుకుంటుంటే కిర్రుమనక ఏం చేస్తుంది.

నేను చేసిందేమిటంటే, రాడ్డుకి నా కొబ్బరినూనె జిడ్డు పోయేలా గిన్నెల సబ్బుతో కడిగాను. చపాతీలు చుట్టే అల్యూమినియం రేకుని ఉండలా నలిపి, నీళ్ళలో ముంచి తుప్పు చుక్కల మీద మెల్లగా రుద్దాను. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన కాబట్టి పూతకి గీతలు పడవు. గిన్నెలు తోమే ఇనుప పీచు మాత్రం వద్దు, ఉన్న పూత కూడా పోతుంది. బాగా తుడిచి ఆరబెట్టి, తెల్ల కొవ్వొత్తి రాడ్డు పైభాగమంతా రుద్ది, పొడిబట్టతో మెరిసేదాకా తుడిచాను. మైనం పల్చటి పొరలా ఉండిపోతుంది, నూనెలా దుమ్ముని పట్టదు, బట్టకి మరక కాదు. వంగిన రాడ్డుని తిరగేసి, అంటే వంపు పైకి వచ్చేలా బిగించాను. ఇస్త్రీ బండి నుంచి వచ్చిన ఇనుప తీగ హ్యాంగర్లు తీసేసి ప్లాస్టిక్ కొక్కేలవి పెట్టాను.

"మరి డబ్ల్యూడీ 40 కొట్టొచ్చుగా?" అని మీలో కనీసం పదిమంది అనుకుంటున్నారని తెలుసు. దాని పేరులోనే ఉంది విషయం, నీటిని తరిమేందుకు 1953లో 40వ ప్రయత్నంలో కుదిరిన మందు అది. తుప్పుపట్టిన స్క్రూ ఊడదియ్యడానికి నేనూ వాడాను. కానీ పట్టుచీరల నెత్తిమీద ఉండే రాడ్డుకి నూనె ద్రవం కొట్టడం మళ్ళీ కొబ్బరినూనె కథే.

ఇక్కడితో అయిపోతే నేను గొప్పవాణ్ణని రాసుకునేవాణ్ణి. కాలేదు. నాన్న చొక్కాల వైపు ముందుకి లాగే రెయిలు ఒకటుంది, లోపల చిన్న ఉక్కు గోళీల మీద జారేది. అది సగం వచ్చి ఆగిపోయేది. చూస్తే లోపలి స్క్రూ వదులై, దాని తల పైకి లేచి, గోళీలకి అడ్డం పడుతోంది. బిగిస్తే తిరుగుతోంది తప్ప పట్టడం లేదు. ఎక్కడో చదివిన చిట్కా ప్రకారం బెజ్జంలో అగ్గిపుల్లలు, ఫెవికాల్ పెట్టి రాత్రంతా ఆరనిచ్చి బిగించాను. రెండు రోజులకి మళ్ళీ ఊడింది. అప్పుడు మా వీధి చివర ఉండే వడ్రంగి తాతని బతిమాలి పిలుచుకొచ్చాను. ఆయన టార్చి వేసి చూసి నవ్వాడు.

"అగ్గిపుల్లలు ఎట్టినావేటి బాబూ? అది అసలు సిసలు సెక్కకైతే పనికొత్తాది. ఇది పొట్టు సెక్క. నీరు పీల్సి ఉబ్బిపోనాది. అటుకుల ఉండలో మేకు కొట్టినట్టే ఇది."

ఎంత బాగా చెప్పాడో చూడండి. పార్టికల్ బోర్డు అంటే రంపపు పొట్టుని జిగురుతో నొక్కి చేసిన పలక. తేమ తగిలి ఒకసారి ఉబ్బితే మళ్ళీ మామూలు కాదు, స్క్రూని పట్టుకునే బలం పోతుంది. ఆయన ఆ చోట లోపలివైపు ఒక టేకు ముక్క పెట్టి, దానికి కొత్తచోట స్క్రూలు దింపాడు. అల్మారాని బయటిగోడకి ఆనించి పెట్టామని చూసి, నాలుగంగుళాలు ముందుకి జరిపించాడు, వెనక గాలి ఆడాలని. పని మొత్తం ముప్పావుగంట. మూడొందలు అడిగాడు. ఐదొందలు ఇస్తే రెండొందలు తిరిగిచ్చేశాడు.

వార్డ్‌రోబ్ చేసిన వాళ్ళని తిట్టడం సులువు. కానీ ఆర్డరిచ్చింది నేను. బెంగళూరులో ఫ్రెండు ఫ్లాట్లో చూసి, ఫోటో పంపి, "సేమ్ ఇలాగే కావాలి" అన్నది నేను. వర్క్స్ ఆన్ మై మెషీన్ అని మనం వెక్కిరిస్తామే, అదే చేశాను. బెంగళూరు గాలిలో పనిచేసింది శ్రీకాకుళం గాలిలో పనిచేస్తుందా అని ఒక్క క్షణం ఆలోచించలేదు. మా నానమ్మ ఇంట్లో దూలాలకి తాళ్ళతో వేలాడదీసిన వెదురు దండెం ఉండేది. చేతులు తగిలి తగిలి నున్నగా మెరిసేది. దాని మీద బట్ట వేస్తాం, తీస్తాం, అంతే. జరిపే పనే లేదు కనుక చప్పుడూ లేదు. తాడు కుళ్ళితే తాడు మార్చేవారు. పాతదే గొప్పదని నేననను, బొద్దింకలూ బల్లులూ హాయిగా షికారు చేసేవి దాని మీద. కానీ ఆ ఇంట్లో ప్రతి మనిషికీ ఆ దండెం ఎలా పనిచేస్తుందో, పాడైతే ఏం చెయ్యాలో తెలుసు. నేను చేయించిన వార్డ్‌రోబ్ గురించి మా ఇంట్లో అది ఎవరికీ తెలియదు, మెకానికల్ డిగ్రీ ఉన్న నాతో సహా.

"ఒరేయ్, నీ గంట జీతంతో పోలిస్తే వడ్రంగికిచ్చేది ఎంతరా, ఎందుకీ గొడవ" అని మా టీంలో ఒకడన్నాడు. లెక్క బాగానే ఉంది. కానీ రెండు స్క్రూల పనికి ఎవరొస్తారు? మా జిల్లా నుంచి పని వచ్చిన చేతులు ఎన్నో విశాఖ, హైదరాబాద్, చెన్నైల్లో కట్టే అపార్టుమెంట్ల దగ్గరే ఉన్నాయి. ఉన్న ఒకరిద్దరు పెద్దవాళ్ళని మా అమ్మ వెళ్ళి పిలవాలంటే మొహమాటం. ఆ మొహమాటం ఖరీదు నా గంట జీతంలో కనపడదు. ఇంకో మాట, నేను ముందు రాడ్డుతో కుస్తీ పట్టబట్టే తాత దేనికి అవసరమో, దేనికి కాదో తెలిసింది. అంతా నేనే చేసుకోవాలనీ కాదు, అంతా ఇంకొకరి మీద వదిలెయ్యాలనీ కాదు.

మొన్నామధ్య, 2022లో, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు చేసుకునే హక్కు మీద ఒక కమిటీ వేసింది. ఫోన్లు, బళ్ళు, ఇంట్లో వాడే యంత్రాలు, వ్యవసాయ పరికరాలకి విడిభాగాలు, వివరాలు దొరకాలని. మంచిదే. నాకు మాత్రం హక్కు కంటే ముందు అలవాటు కావాలనిపిస్తోంది. మన చేతికి స్క్రూడ్రైవర్ అలవాటు తప్పి, కార్టులో పడెయ్యడం అలవాటైంది. పాతది ఎందుకు పాడైందో తెలుసుకోకుండా కొత్తది కొంటే, అదే బగ్ కొత్త వర్షన్లో వస్తుంది. కొత్త వార్డ్‌రోబ్ కొనిచ్చి ఉంటే దానికీ నాలుగడుగుల రాడ్డే వచ్చేది, దాన్నీ బయటిగోడకే ఆనించేవాళ్ళం. మూడేళ్ళకి మళ్ళీ అదే కుర్చీ.

నేను అనేది ఇంతే. పండక్కి ఇంటికెళ్తూ కొత్త వస్తువు ఒకటి పట్టుకెళ్ళే బదులు, ఇంట్లో పాడైన వస్తువు ఒకటి బాగుచేసి రండి. "ఏమైనా పాడైందా అమ్మా" అని అడక్కండి, "ఏం లేదు నాన్నా" అంటారు. మీరే తలుపులు తీసి చూడండి, కుళాయిలు తిప్పి చూడండి, స్విచ్చులు వేసి చూడండి. ఏ కుర్చీ మీద ఏముందో చూడండి.

పోయిన ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. కుశల ప్రశ్నలన్నీ అయ్యాక, కాస్త ఆగి, "ఒరేయ్, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను గరగరమంటోందిరా, వచ్చినప్పుడు చూస్తావా" అంది.

మా అమ్మ రెయిజ్ చేసిన మొట్టమొదటి టికెట్ అది. ఉగాదికి టికెట్ బుక్ చేసేశాను. ఈసారి కొబ్బరినూనె జోలికి మాత్రం పోను.

మీ ఇళ్ళల్లో ఇలాంటి కుర్చీలేమైనా ఉన్నాయా?